అనకాపల్లి శ్రమ, యూనియన్ గుర్తింపు: నూరేళ్ల చట్టాల చరిత్ర

అనకాపల్లి పరిసరాల్లో గత నూరేళ్లుగా జీతానికో కూలికో పనిచేసినవారిలో చాలామంది, భారతదేశపు కార్మిక చట్టాలు ఎవరిని దృష్టిలో పెట్టుకుని తయారయ్యాయో ఆ కార్మికుడికి దూరంగా ఉన్నవారే. చట్టం తలచుకున్న కార్మికుడికి ఒకే యజమాని, ఒకే గేటు, పన్నెండు నెలల పని, హాజరుపట్టీలో శాశ్వతంగా పేరు ఉంటాయి. శారదా నది పరీవాహక ప్రాంతంలో చెరకు చుట్టూ అల్లుకున్న పనుల్లో మాత్రం చక్కెర ఫ్యాక్టరీ కార్మికుడికి ఏడాదిలో కొన్ని నెలలే పని ఉంటుంది. బెల్లం మార్కెట్లో దిమ్మలు మోసే కలాసీకి రోజుకు పదిమంది వ్యాపారులు పని చెబుతారు గాని వారిలో ఒక్కరూ చట్టం దృష్టిలో యజమాని కారు. అచ్యుతాపురం, పరవాడ పారిశ్రామిక వాడల్లో పనిచేసేవారిలో అనేకులకు జీతమిచ్చేది కాంట్రాక్టరు, పని చేయించుకునేది కంపెనీ.

పారిశ్రామిక సంబంధాలు అంటే యాజమాన్యం, కార్మికులు, ప్రభుత్వం అనే మూడు పక్షాలు జీతభత్యాలు, పనిగంటలు, ఉద్యోగ భద్రత, సమ్మె, లాకౌట్ వంటి విషయాలను ఎవరితో ఎవరు, ఏ పద్ధతిలో తేల్చుకోవాలో నిర్ణయించే నియమాల, ఆచారాల సముదాయం. 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం మొదలుకొని 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ వరకు ఈ వ్యవస్థను సంస్కరించే ప్రయత్నాలు ఎన్నో జరిగాయి. అయితే కార్మికులు తమంతట తాము ఎన్నుకున్న సంఘాన్ని యజమాని గుర్తించి, దానితో కూర్చుని మాట్లాడి తీరాలా అన్న మూల ప్రశ్న మాత్రం ప్రతిసారీ వాయిదా పడుతూ వచ్చింది. ఆ వాయిదాల భారం పెద్ద యూనియన్లు నిలదొక్కుకున్న విశాఖ రేవు, నౌకా నిర్మాణ కేంద్రం, ఉక్కు కర్మాగారం వంటి చోట్ల కంటే, వాటికి కొన్ని మైళ్ల దూరంలోనే ఉన్న అనకాపల్లి ప్రాంతపు చిన్న, కాలానుగుణ పనుల మీద ఎక్కువగా పడింది.

మద్రాసులో పుట్టిన అవసరం

అనకాపల్లి నాడు మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో భాగం గనుక ఇక్కడి కార్మిక చట్ట చరిత్ర మద్రాసు నగరం నుంచే మొదలవుతుంది. 1918 ఏప్రిల్ 27న బి.పి. వాడియా అధ్యక్షుడుగా, సెల్వపతి చెట్టి, రామానుజులు నాయుడు వంటివారి చొరవతో మద్రాస్ లేబర్ యూనియన్ ఏర్పడింది. భారతదేశంలో క్రమబద్ధంగా సభ్యత్వం, చందా పెట్టుకుని నడిచిన తొలి కార్మిక సంఘంగా దీనిని చరిత్రకారులు పరిగణిస్తారు. బకింగ్‌హామ్, కర్ణాటిక్ మిల్లుల్లో తలెత్తిన వివాదంలో యాజమాన్యం మద్రాసు హైకోర్టుకు వెళ్లి, కార్మికులు తమ ఉద్యోగ ఒప్పందాన్ని ఉల్లంఘించేలా వాడియా ప్రేరేపిస్తున్నారన్న వాదనతో ఆయన మీద నిషేధాజ్ఞ తెచ్చుకుంది. యూనియన్ నడపడమే శిక్షార్హమైన కుట్రగా, నష్టపరిహారం కట్టవలసిన తప్పుగా మారగలదని దీనితో తేటతెల్లమైంది. కార్మిక సంఘాలకు చట్టరక్షణ కావాలంటూ 1921లో ఎన్.ఎం. జోషి కేంద్ర శాసనసభలో తీర్మానం ప్రవేశపెట్టడానికి ఈ ఘటనే ప్రధాన కారణం.

ఆ తీర్మానం ఫలించడానికి అయిదేళ్లు పట్టింది. 1926 ట్రేడ్ యూనియన్ల చట్టం ప్రకారం ఏడుగురు సభ్యులు కలిస్తే సంఘాన్ని రిజిస్టరు చేయించుకునే వీలు కలిగింది. రిజిస్టరైన సంఘం న్యాయమైన కార్మిక కార్యకలాపాలు సాగించినందుకు దాని నాయకుల మీద క్రిమినల్ కుట్ర కేసులు గాని, సివిల్ దావాలు గాని చెల్లవు. వాడియాకు ఎదురైన ముప్పును చట్టం ఇలా తొలగించింది. అయితే రిజిస్ట్రేషన్ వేరు, గుర్తింపు వేరు. రిజిస్ట్రేషన్ సంఘానికి చట్టబద్ధమైన ఉనికిని ఇస్తుంది. గుర్తింపు ఆ సంఘంతో చర్చలు జరపవలసిన బాధ్యతను యజమాని మీద పెడుతుంది. 1926 చట్టం మొదటిదాన్ని ఇచ్చి రెండోదాని ఊసెత్తలేదు. మూడేళ్ల తర్వాత వచ్చిన 1929 కార్మిక వివాదాల చట్టం రాజీ బోర్డులను, విచారణ కోర్టులను ఏర్పాటు చేస్తూనే రైల్వే వంటి ప్రజోపయోగ సేవల్లో ముందస్తు నోటీసు లేని సమ్మెను నేరంగా ప్రకటించింది. అంటే సంఘానికి మాట్లాడే వేదిక దొరకకముందే, దాని చేతిలోని ఆయుధానికి కట్టడి వచ్చిపడింది.

వరాహగిరి వెంకటగిరి వాదం

ఉత్తరాంధ్ర రైలుమార్గాల వెంబడి పెరిగిన కార్మికోద్యమం ఈ లోటును అందరికంటే ముందు గుర్తించింది. అనకాపల్లి మీదుగా దక్షిణానికి వెళ్లే మార్గాన్ని మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే, వాల్తేరు నుంచి ఉత్తరానికి సాగే మార్గాన్ని బెంగాల్ నాగపూర్ రైల్వే నడిపిన కాలం అది. 1894లో బరంపురంలో పుట్టి డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివి వచ్చిన వరాహగిరి వెంకటగిరి, బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను సంఘటితం చేసి, 1926లో అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ అధ్యక్షుడై, 1927లో జెనీవాలోని అంతర్జాతీయ కార్మిక సదస్సుకు భారత కార్మికుల ప్రతినిధిగా వెళ్లారు. ఆ సంవత్సరమే ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు సమ్మె ఆయన నాయకత్వానికి పరీక్షగా నిలిచింది. 1937 ఎన్నికల్లో బొబ్బిలి రాజాను ఓడించి రాజాజీ మంత్రివర్గంలో కార్మిక, పరిశ్రమల శాఖలు చేపట్టిన గిరి, యజమానితో ముఖాముఖి కూర్చుని సాధించిన ఒప్పందమే నిలుస్తుందన్న నమ్మకాన్ని యూనియన్ నాయకుడిగా ఎంత గట్టిగా చెప్పారో మంత్రిగానూ అంతే గట్టిగా చెప్పారు.

ఈ లోగా రెండో ప్రపంచ యుద్ధం దేశపు విధానాన్ని మరో దారి పట్టించింది. 1942లో డిఫెన్స్ ఆఫ్ ఇండియా నిబంధనల్లో చేర్చిన 81-ఎ అధికరణ, ఏ వివాదాన్నయినా తీర్పు కోసం పంపించి, ఆ కాలంలో సమ్మెను నిషేధించే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. యుద్ధావసరంగా వచ్చిన ఈ ఏర్పాటు 1947 ఏప్రిల్ 1 నుంచి అమలైన పారిశ్రామిక వివాదాల చట్టంలో శాశ్వత స్థానం సంపాదించింది. ఆ చట్టం ప్రకారం వివాదం ముందుగా ప్రభుత్వ రాజీ అధికారి దగ్గరికి వెళ్లేది. అక్కడ తెగకపోతే, ప్రభుత్వం తలచుకుంటే, లేబర్ కోర్టుకో పారిశ్రామిక ట్రిబ్యునల్‌కో చేరేది. దీన్నే నిర్బంధ న్యాయనిర్ణయం అంటారు. అదే 1947లో ట్రేడ్ యూనియన్ల చట్టాన్ని సవరిస్తూ, ప్రాతినిధ్యం గల సంఘాన్ని యజమాని తప్పనిసరిగా గుర్తించాలన్న నిబంధనను కూడా శాసనసభ ఆమోదించింది. కాని ఆ సవరణ అమలు తేదీని ప్రకటించే నోటిఫికేషన్ ఎన్నడూ వెలువడలేదు. ఒకే ఏడాది పుట్టిన రెండు చట్టాల్లో తీర్పు చెప్పే యంత్రాంగం బతికింది, గుర్తింపు హక్కు కాగితం మీదనే ఉండిపోయింది.

1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికై నెహ్రూ మంత్రివర్గంలో కార్మిక శాఖ చేపట్టిన గిరి ఈ క్రమాన్ని తిరగదోడే ప్రయత్నం చేశారు. నిర్బంధ న్యాయనిర్ణయం కార్మికుడికి శత్రువని, అది సంఘాలను సభ్యుల బలం మీద గాక వకీళ్ల మీద ఆధారపడేలా చేస్తుందని, ఒక పక్షం గెలిచి మరొక పక్షం ఓడే తీర్పుతో ఫ్యాక్టరీలో సామరస్యం ఏర్పడదని ఆయన వాదం. బలమైన ఒకే సంఘం, పరస్పర చర్చలు, అవి విఫలమైతే ఇరుపక్షాలూ ఒప్పుకున్న మధ్యవర్తిత్వం అన్న ఈ ప్రతిపాదన పారిశ్రామిక సంబంధాల సాహిత్యంలో గిరి విధానంగా పేరు పొందింది. అయితే యజమానులు, పలు రాష్ట్ర ప్రభుత్వాలతో పాటు, చర్చల బలం లేని సంఘాలకు ట్రిబ్యునలే దిక్కని భావించిన కార్మిక నాయకులు కూడా దీనికి సుముఖత చూపలేదు. 1954లో బ్యాంకు ఉద్యోగుల వివాదంలో లేబర్ అప్పిలేట్ ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం తనంతట తాను సవరించి ఉద్యోగుల ప్రయోజనాలను తగ్గించినప్పుడు గిరి మంత్రి పదవికి రాజీనామా చేశారు. తీర్పుల విధానాన్ని ఇష్టపడని మంత్రి, ఆ విధానం ఇచ్చిన తీర్పునైనా ప్రభుత్వం గౌరవించాలన్న పట్టుదలతో పదవి వదులుకోవడంలో విచిత్రం కనిపించవచ్చు గాని, ఇచ్చిన మాట నిలబడాలన్న సూత్రమే రెండింటికీ మూలం.

గిరి హయాంలో వచ్చిన 1953 సవరణ చట్టం, పని లేక కార్మికుణ్ణి తాత్కాలికంగా ఆపివేసే లేఆఫ్ కాలానికి సగం జీతం, సిబ్బందిని తగ్గించే రిట్రెంచ్‌మెంట్‌కు పనిచేసిన ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున పరిహారం ఏర్పాటు చేసింది. భారత కార్మికుడి ఉద్యోగ భద్రతకు ఇది పునాది. అదే సవరణ, యాభై మంది కంటే తక్కువ కార్మికులున్న సంస్థలకు, కాలానుగుణంగా మాత్రమే పని సాగే సంస్థలకు లేఆఫ్ పరిహారం వర్తించదని కూడా చెప్పింది. ఉత్తరాంధ్ర నుంచి వెళ్లిన మంత్రి కాలంలో రూపొందిన మేలు, ఉత్తరాంధ్ర పల్లెల్లోని ప్రధాన పరిశ్రమ అయిన చక్కెర గేటు దగ్గరే ఆగిపోయింది.

గానుగాట కాలపు కార్మికుడు

అనకాపల్లిలో 1913లోనే చెరకు పరిశోధన కేంద్రం ఏర్పడటాన్ని బట్టి ఈ నేలకు చెరకుతో ఉన్న అనుబంధం తెలుస్తుంది. 1932లో కేంద్ర ప్రభుత్వం చక్కెర పరిశ్రమకు దిగుమతుల పోటీ నుంచి రక్షణ కల్పించే చట్టం తేవడంతో దేశమంతటా మిల్లులు వెలిశాయి. ఆ ఊపులో విశాఖపట్నం జిల్లా ఒక ప్రత్యేక మార్గాన్ని ఎంచుకుంది. 1933లో ఏటికొప్పాకలో రైతులే వాటాదారులుగా ఏర్పడిన సహకార సంఘం దేశంలోని తొలి సహకార చక్కెర ఫ్యాక్టరీల్లో ఒకటి. అనకాపల్లి పక్కనున్న తుమ్మపాల ఫ్యాక్టరీ కూడా ఆ దశకపు సంతానమే. స్వాతంత్ర్యానంతరం చోడవరం దగ్గర గోవాడలో, పాయకరావుపేట దగ్గర తాండవలో ఇదే నమూనా కొనసాగింది.

సహకార ఫ్యాక్టరీలో యజమాని ఎవరన్న ప్రశ్నకు సూటి సమాధానం లేదు. కాగితం మీద యజమానులు చెరకు పండించే వాటాదారు రైతులు. పాలన వారు ఎన్నుకున్న బోర్డుది, బోర్డు లేనప్పుడు ప్రభుత్వం నియమించిన పర్సన్ ఇన్‌చార్జిది. రోజువారీ అధికారం సాధారణంగా ప్రభుత్వం పంపిన మేనేజింగ్ డైరెక్టరుది. చెరకు కనీస ధరను 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు కింద కేంద్రం ప్రకటిస్తుంది. తయారైన చక్కెరలో కొంత భాగాన్ని లెవీగా తక్కువ ధరకు ప్రభుత్వానికి ఇవ్వవలసిన ఏర్పాటు 2013 దాకా కొనసాగింది. ఆదాయమూ ముడిసరుకు ఖర్చూ రెండూ ఫ్యాక్టరీ బయటే నిర్ణయమయ్యే చోట, యూనియన్ జీతాల పెంపు అడిగితే బోర్డు రైతు బకాయిలు చూపేది, రైతు సంఘం చెరకు ధర అడిగితే సిబ్బంది జీతాల ఖర్చు చూపేది. గేటు ముందు తేలవలసిన బేరం చివరకు రాజధానిలోని చక్కెర శాఖ కార్యాలయానికి చేరేది. ముఖాముఖి చర్చలకు ఎదుటి పక్షాన నిర్ణయాధికారం గల యజమాని ఉండాలన్న గిరి విధానపు మొదటి షరతు ఇక్కడ నెరవేరే వీలు లేకపోయింది.

కార్మికుల్లోనూ అంతరువులు ఉండేవి. శాశ్వత ఉద్యోగులు ఏడాది పొడవునా ఉంటారు. సీజనల్ కార్మికులను గానుగాట మొదలైనప్పుడు పిలిచి ముగిసినప్పుడు పంపిస్తారు. ఎన్‌ఎంఆర్ కార్మికులు, అంటే నామినల్ మస్టర్ రోల్ మీద రోజుకూలిగా పేరు రాయించుకునేవారు, ఈ రెండు వర్గాలకూ కిందన ఉంటారు. 1957 డిసెంబరులో కేంద్రం చక్కెర పరిశ్రమకు వేతన బోర్డును నియమించింది. వేతన బోర్డు అంటే యజమానులు, కార్మికులు, స్వతంత్ర సభ్యులు కలిసి ఒక పరిశ్రమ మొత్తానికి జీతాల అంతస్తులను సిఫారసు చేసే త్రైపాక్షిక సంఘం. ఒక్కొక్క ఫ్యాక్టరీలో బేరమాడే బలం లేని యూనియన్లకు ఇది పెద్ద అండ అయింది. ఫ్యాక్టరీ నడవని నెలల్లోనూ, తదుపరి సీజనుకు తిరిగి వస్తాడన్న ఒప్పందం మీద సీజనల్ కార్మికుడికి జీతంలో కొంత భాగం చెల్లించే రిటైనింగ్ అలవెన్సు ఈ పరిశ్రమ కార్మికులు సాధించుకున్న ప్రత్యేక హక్కు. లేఆఫ్ చట్టం వదిలేసిన ఖాళీని అది కొంతవరకు పూడ్చింది. 1972 గ్రాట్యుటీ చట్టం మాత్రం శాశ్వత ఉద్యోగికి ఏడాదికి పదిహేను రోజుల జీతం లెక్కగడితే, సీజనల్ కార్మికుడికి సీజనుకు ఏడు రోజుల జీతమే ఇచ్చింది.

సీజను ఎన్ని రోజులు నడుస్తుందన్నది కార్మికుడి చేతిలోనూ ఫ్యాక్టరీ చేతిలోనూ లేని విషయం. బెల్లం ధర బాగున్న ఏడు రైతు చెరకును ఊళ్లోని గానుగకు తోలుతాడు, ఫ్యాక్టరీకి చెరకు తగ్గి గానుగాట రోజులు కుదించుకుపోతాయి, సీజనల్ కార్మికుడి సంపాదన పడిపోతుంది. బెల్లం ధర పడిపోయిన ఏడు చెరకు ఫ్యాక్టరీకి వెల్లువెత్తినా, చెరకు డబ్బు చెల్లించలేక యాజమాన్యం జీతాలు బకాయి పెడుతుంది. పాత యంత్రాలు, వరికీ సరుగుడుకూ మళ్లిన పొలాలు, పేరుకుపోయిన అప్పులు కలిసి గత దశాబ్దంలో తుమ్మపాల, ఏటికొప్పాక, తాండవ ఫ్యాక్టరీలను ఒకదాని వెంట ఒకటి ఆపేశాయి. మూత విషయంలో చట్టం నిర్దేశించిన అనుమతులు, పరిహారాలు ప్రకటించి మూసిన సంస్థలకే స్పష్టంగా అన్వయిస్తాయి. మూత ప్రకటన లేకుండా ఈ ఏడాది గానుగాట లేదన్న మాటతో మొదలయ్యే నిలుపుదలలో కార్మికుడు ఉద్యోగి అవునో కాదో తెలియని స్థితిలో సంవత్సరాలు గడిచిపోతాయి.

యజమాని లేని మార్కెట్

దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటైన అనకాపల్లి యార్డులో పరిస్థితి మరొక విధం. రైతు తెచ్చిన దిమ్మలను బండి దించడం, వరుసలుగా పేర్చడం, తూకానికి ఎక్కించడం, వేలం ముగిశాక లారీకి ఎత్తడం కలాసీల జట్టు పని. కూలి దిమ్మల లెక్కన వస్తుంది, జట్టు పంచుకుంటుంది. రైతు, కమీషన్ వ్యాపారి, కొనుగోలుదారు ముగ్గురూ ఈ శ్రమను వాడుకుంటారు; ముగ్గురిలో ఎవరూ కలాసీని ఉద్యోగంలోకి తీసుకున్నవారు కారు. పారిశ్రామిక వివాదాల చట్టం వర్తించాలంటే యజమాని, ఉద్యోగి అన్న సంబంధం రుజువు కావలసి ఉండేది గనుక, ఇక్కడి కూలి రేట్ల తగాదాలు లేబర్ కోర్టుకు గాక మార్కెట్ కమిటీ ముందుకు వచ్చాయి. 1966 నాటి వ్యవసాయ మార్కెట్ల చట్టం వ్యాపారులతో పాటు తూకం వేసేవారికి, హమాలీలకు కూడా లైసెన్సులు తప్పనిసరి చేసింది. లైసెన్సు ఒక విధంగా నియంత్రణ అయినా, యార్డులో పనిచేసే హక్కు ఫలానా వారిదని చెప్పే రాతపూర్వక ఆధారంగా కూడా అది ఉపయోగపడింది.

ఈ తరహా శ్రమ కోసం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1976లో ముఠా, జట్టు, హమాలీ తదితర శారీరక శ్రమజీవుల ఉపాధి క్రమబద్ధీకరణ, సంక్షేమ చట్టం చేసింది. 1969లో మహారాష్ట్ర తెచ్చిన మాథాడీ కార్మికుల చట్టం అడుగుజాడల్లో వచ్చిన ఈ శాసనం సారాంశం ఇది: పని చేయించుకునే వారందరూ, పనిచేసే వారందరూ ఒక బోర్డు దగ్గర నమోదవుతారు, కూలి బోర్డు ద్వారా చెల్లుతుంది, ప్రావిడెంట్ ఫండు, సెలవులు, ప్రమాద పరిహారం వంటివి ఆ బోర్డు చూసుకుంటుంది. అంటే ఒక్క యజమాని లేని చోట యజమానులందరినీ కలిపి ఒక్కటిగా నిలబెట్టే ప్రయత్నం ఇది. అయితే ఇటువంటి చట్టం తనంతట తాను పనిచేయదు. ప్రతి రకం పనికీ ప్రభుత్వం పథకం ప్రకటించి, బోర్డు ఏర్పాటు చేసి, లెవీ వసూలు చేస్తేనే కదులుతుంది. యార్డుల్లో కూలి రేట్లు చాలాకాలం జట్ల ఐకమత్యం మీద, సీజను మధ్యలో పని ఆపితే సరుకు నిలిచిపోతుందన్న వ్యాపారుల భయం మీద ఆధారపడటానికి కారణం ఇదే. చట్టపు గుర్తింపు లేకపోయినా అవతలి పక్షాన్ని చర్చకు రప్పించగలిగిన ఈ జట్లు, గిరి చెప్పిన ముఖాముఖి బేరానికి అసలైన ఉదాహరణలు.

రాష్ట్రం ముందు నడిచిన సందర్భాలు

కేంద్రంలో గుర్తింపు ప్రశ్న స్వచ్ఛంద పద్ధతుల మీదే నడిచింది. 1958లో అమల్లోకి వచ్చిన క్రమశిక్షణా నియమావళి, సభ్యత్వ రికార్డులు సరిచూసి పెద్ద సంఘానికి గుర్తింపు ఇవ్వాలని యజమానులను కోరింది గాని, ఇవ్వకపోతే శిక్ష ఏమీ లేదు. బ్యాంకు వివాదంలో గిరి రాజీనామా తర్వాత ఆ తీర్పును పరిశీలించిన జస్టిస్ గజేంద్రగడ్కర్, తర్వాతి కాలంలో తొలి జాతీయ కార్మిక కమిషన్‌కు అధ్యక్షత వహించి, 1969 నివేదికలో గుర్తింపును చట్టబద్ధం చేయాలని, వివాదాలను ప్రభుత్వ ఇష్టానికి వదలక స్వతంత్రమైన పారిశ్రామిక సంబంధాల కమిషన్లకు అప్పగించాలని సిఫారసు చేశారు. జనతా ప్రభుత్వం 1978లో తెచ్చిన బిల్లు చట్టం కాకుండానే మిగిలింది.

ఆంధ్రప్రదేశ్ కొన్ని విషయాల్లో కేంద్రం కంటే ముందుంది. ప్రభుత్వం సిఫారసు చేస్తే తప్ప వివాదం లేబర్ కోర్టుకు చేరని పద్ధతి వల్ల ఉద్యోగం పోయిన కార్మికుడు ఏళ్ల తరబడి ఎదురుచూడవలసి వచ్చేది. 1987లో రాష్ట్రం చేసిన సవరణ, తొలగింపుకు గురైన కార్మికుడు నేరుగా లేబర్ కోర్టును ఆశ్రయించే వీలు కల్పించింది. ఇదే ఏర్పాటును కేంద్రం 2010లో దేశమంతటికీ విస్తరించింది. గుర్తింపు సంఘాన్ని రికార్డుల తనిఖీతో గాక రహస్య బ్యాలెట్‌తో తేల్చే పద్ధతికి తెలుగు నేల మీద గట్టి ఆదరణ లభించింది. 1998లో సింగరేణి బొగ్గుగనుల్లో జరిగిన ఎన్నికలు ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. విశాఖ ఉక్కు కర్మాగారంలోనూ గుర్తింపు సంఘం ఓటుతోనే నిర్ణయమవుతూ వచ్చింది. వేలాది శాశ్వత కార్మికులు ఒకే హాజరుపట్టీలో ఉన్న సంస్థల్లో సాధ్యమైన ఈ పద్ధతి తుమ్మపాల సీజనల్ కార్మికుడికి గాని, యార్డు కలాసీకి గాని అందలేదు.

2003లో రాష్ట్రం కాంట్రాక్టు కార్మికుల చట్టానికి చేసిన సవరణ మరొక మలుపు. 1970 నాటి కేంద్ర చట్టం ఏ పనిలో కాంట్రాక్టు పద్ధతిని నిషేధించాలో ఒక్కొక్క సందర్భంలో తేల్చే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. రాష్ట్ర సవరణ సంస్థ స్థాపనకు కారణమైన పనిని ప్రధాన కార్యకలాపంగా నిర్వచించి, అందులో కాంట్రాక్టు పద్ధతిని నిషేధిస్తూ, పారిశుధ్యం, కాపలా, క్యాంటీన్, సరుకు ఎత్తుదింపుల వంటి పనులను ఆ నిర్వచనం బయట ఉంచింది. ప్రధాన కార్యకలాపంలోనూ పని అకస్మాత్తుగా పెరిగినప్పుడు మినహాయింపు ఉంది. ఈ నిర్వచనమే స్వల్ప మార్పులతో 2020 నాటి వృత్తి భద్రత కోడ్‌లోకి వెళ్లింది. మంచికైనా చెడుకైనా దేశం అనుసరించిన ఈ నమూనా మొదటి ఫలితాలు అనకాపల్లి తీరప్రాంతంలో కనిపించాయి.

ప్రత్యేక మండలాల పాలన

2005 నాటి ప్రత్యేక ఆర్థిక మండలాల (సెజ్) చట్టం తర్వాత అచ్యుతాపురం, రాంబిల్లి మండలాల్లో వేలాది ఎకరాలు పరిశ్రమలకు మళ్లాయి. శ్రీలంకకు చెందిన బ్రాండిక్స్ సంస్థ వెయ్యి ఎకరాల్లో నెలకొల్పిన దుస్తుల తయారీ నగరంలో చుట్టుపక్కల గ్రామాల స్త్రీలు వేల సంఖ్యలో మొదటిసారిగా నెలజీతపు ఉద్యోగాల్లోకి వచ్చారు. పరవాడలో జవహర్‌లాల్ నెహ్రూ ఫార్మాసిటీ రసాయన, ఔషధ కర్మాగారాలకు నిలయమైంది. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు ఈ పారిశ్రామిక వాడలన్నీ అందులోకే వచ్చాయి. చెరకు జిల్లాగా పేరున్న ప్రాంతం ఒక తరం లోపలే మందులు, దుస్తుల జిల్లాగా మారింది.

2006 నాటి సెజ్ నిబంధనలు మండలాల్లోని యూనిట్లను ప్రజోపయోగ సేవలుగా ప్రకటించాలని, పారిశ్రామిక వివాదాల చట్టం కింది అధికారాలను డెవలప్‌మెంట్ కమిషనరుకు అప్పగించాలని రాష్ట్రాలను కోరాయి. దీని ఫలితం రెండు విధాలు. ప్రజోపయోగ సేవలో నోటీసు ఇవ్వని సమ్మె చట్టవిరుద్ధం. అంటే 1929లో రైల్వే, నీటి సరఫరా వంటి వాటికి ఉద్దేశించిన కట్టడి చొక్కాలు కుట్టే పనికి కూడా వర్తించే వీలు ఏర్పడింది. రెండోది, పెట్టుబడులను ప్రోత్సహించే బాధ్యత ఉన్న అధికారి చేతికే కార్మిక వివాదాలను పరిష్కరించే బాధ్యత కూడా వెళ్లడం. గుర్తింపు కార్డు లేనిదే లోపలికి వెళ్లలేని ఆవరణలో, కంపెనీ బస్సులో వచ్చి కంపెనీ బస్సులోనే వెళ్లిపోయే కార్మికురాలిని కలుసుకునే స్థలం సంఘాలకు గేటు బయటి రోడ్డు మాత్రమే.

సంఘం లేని లోటు జీతం దగ్గరే ఆగదు. 2022 జూన్‌లోనూ ఆగస్టులోనూ అచ్యుతాపురం దుస్తుల పరిశ్రమలో విషవాయువు పీల్చి వందలాది మంది స్త్రీలు ఆస్పత్రుల పాలయ్యారు. 2024 ఆగస్టు 21న అదే ప్రాంతంలోని ఔషధ కర్మాగారంలో జరిగిన పేలుడులో 17 మంది ప్రాణాలు కోల్పోయారు. భోపాల్ దుర్ఘటన తర్వాత, 1987లో సవరించిన ఫ్యాక్టరీల చట్టం ప్రమాదకర ప్రక్రియలున్న కర్మాగారాల్లో యాజమాన్యం, కార్మికులు సమాన సంఖ్యలో ఉండే భద్రతా కమిటీలను తప్పనిసరి చేసింది. కార్మికులు ఎన్నుకున్న సంఘం లేని చోట ఆ కమిటీలోని కార్మిక ప్రతినిధిని ఎంపిక చేసేది ఎవరన్న ప్రశ్నకు సమాధానం ఊహించడం కష్టం కాదు. కాంట్రాక్టరు మనిషిగా ఉన్నవాడు కంపెనీ యంత్రం ప్రమాదకరంగా ఉందని చెప్పి మర్నాడు పనిలోకి రాగలడా అన్నది అంతకంటే పెద్ద ప్రశ్న. పారిశ్రామిక సంబంధాల సంస్కరణను కేవలం జీతాల, సమ్మెల వ్యవహారంగా చూసేవారు ఈ రెండు సంవత్సరాల ఘటనలను గుర్తుంచుకోవలసి ఉంది.

కొత్త కోడ్, పాత ఖాళీలు

రవీంద్ర వర్మ అధ్యక్షతన రెండో జాతీయ కార్మిక కమిషన్ 2002లో ఇచ్చిన నివేదిక, విడివిడిగా ఉన్న చట్టాలను కలిపివేయాలని సూచించింది. ఆ బాటలో 2020 సెప్టెంబరులో పార్లమెంటు ఆమోదించిన పారిశ్రామిక సంబంధాల కోడ్, ట్రేడ్ యూనియన్ల చట్టం, స్టాండింగ్ ఆర్డర్ల చట్టం, పారిశ్రామిక వివాదాల చట్టం మూడింటినీ ఒకటిగా కూర్చింది. మిగిలిన మూడు లేబర్ కోడ్లతో పాటు ఇది 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. 1947లో ఆగిపోయిన గుర్తింపు హక్కు ఇందులో చివరకు చట్టరూపం పొందింది: 51 శాతం కార్మికుల మద్దతున్న సంఘం ఏకైక చర్చల సంఘం అవుతుంది, ఎవరికీ అంత బలం లేకపోతే కనీసం 20 శాతం మద్దతున్న సంఘాలన్నీ కలిసి చర్చల మండలిగా ఏర్పడతాయి. డెబ్బై ఎనిమిదేళ్ల తర్వాత అయినా ఇది చిన్న మార్పు కాదు.

అయితే ఒక చేత్తో ఇచ్చిన హక్కు విలువను కోడ్ మరో చేత్తో తగ్గించింది. సమ్మెకు పద్నాలుగు రోజుల ముందు నోటీసు ఇవ్వాలన్న నియమం ఇప్పుడు ప్రజోపయోగ సేవలకే గాక అన్ని పరిశ్రమలకూ వర్తిస్తుంది. సగం మంది గాని అంతకు మించి గాని ఒకే రోజు క్యాజువల్ లీవు పెట్టినా అది సమ్మెగానే లెక్క. సెజ్ గోడల లోపల ప్రత్యేక నియమంగా ప్రయోగించినది దేశానికంతటికీ సాధారణ నియమమైంది. ప్రభుత్వ అనుమతి లేనిదే మూత, సిబ్బంది తగ్గింపు కుదరదన్న రక్షణ 1976లో 300 మంది కార్మికులున్న సంస్థలకు మొదలై, 1980ల్లో వంద మందికి విస్తరించి, మళ్లీ 300కు చేరింది. ఉద్యోగ నియమాలను రాతపూర్వకంగా ప్రకటించే స్టాండింగ్ ఆర్డర్ల పరిమితి కూడా కేంద్ర చట్టంలోని వంద నుంచి 300కు పెరిగింది. నిర్ణీత కాలపు ఉద్యోగాలకు ఏడాది సేవతోనే గ్రాట్యుటీ ఇవ్వడం మెచ్చదగినదే అయినా, గడువు తీరితే తిరిగి తీసుకోవడం యజమాని చేతిలో ఉన్నప్పుడు యూనియన్‌లో చేరే ధైర్యం ఎంతమందికి ఉంటుందన్న సందేహం మిగిలే ఉంటుంది. కాలానుగుణ సంస్థలకు లేఆఫ్ పరిహారం నుంచి 1953లో ఇచ్చిన మినహాయింపు యథాతథంగా కొత్త కోడ్‌లో చోటు చేసుకుంది. గ్రాట్యుటీకి సీజనుకు ఏడు రోజుల లెక్క కూడా మారలేదు.

ఈ చరిత్రను సమగ్రంగా పరిశీలిస్తే ఒక నిర్ణయానికి రావచ్చు. నూరేళ్లుగా సంస్కరణ పేరుతో చట్టాలు ముఖ్యంగా పరిమితుల అంకెలను, నోటీసు రోజులను, ట్రిబ్యునళ్ల నిర్మాణాన్ని మార్చాయి. కార్మికుడు ఎవరు, యజమాని ఎవరు అన్న నిర్వచనాలను మాత్రం పెద్ద మిల్లుల కాలం నాటి కొలతలతోనే ఉంచాయి. గుర్తింపు హక్కు వచ్చిన నాటికి ఆ హక్కును వాడుకోగల శాశ్వత కార్మికుల సంఖ్యే తగ్గిపోయింది. 2025 జనవరిలో నక్కపల్లి దగ్గర బల్క్ డ్రగ్ పార్కుకు శంకుస్థాపన జరిగింది. జిల్లాలో మరిన్ని భారీ పరిశ్రమలు రానున్నాయి. రాష్ట్రం 1987లో చూపిన చొరవను మళ్లీ చూపదలచుకుంటే, చర్చల సంఘాన్ని నిర్ణయించే ఓటులో కాంట్రాక్టు, నిర్ణీత కాలపు, సీజనల్ కార్మికులను కూడా లెక్కించాలి, రహస్య బ్యాలెట్‌ను నియమంగా పెట్టాలి, 1976 ముఠా కార్మికుల చట్టం కింద బెల్లం యార్డు వంటి చోట్ల బోర్డులు పనిచేసేలా చూడాలి. ఈ మూడూ చేయనంత కాలం కోడ్‌లోని 51 శాతం నియమం అనకాపల్లి శ్రమజీవుల్లో అత్యధికులకు వర్తించని నియమంగానే ఉంటుంది.